మీ నాయనది ఏ షిఫ్టు?

మొన్న పొద్దున కాఫీ పొయ్యి మీద ఉండగా ఫోన్ మోగింది. మారికుప్పం నుంచి, కాలేజీ నాటకాలకి తబలా వాయించిన నా పాత స్నేహితుడు. హలో కూడా అనలేదు.

"సార్ పోయినాడు మే. తెల్లారుజామున, నిద్దర్లోనే. ఇంగ నువ్వు బయల్దేరు."

కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆరిందని కూడా నాకు చాలాసేపు తెలియలేదు.

ఆ సార్ ఎవరో మీకు చెప్పాలి. మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజుల్లో, ఊరిగాంలోని మా కాలేజీకి సంగీత నాటకాలు నడిపిన మనిషి. వేషాలు కట్టేవాళ్ళకి నేర్పేవాళ్ళు వేరే ఉండేవారు. ఈయన మా కోసం, అంటే గుంటలో కూర్చుని వాయించే పిల్లల కోసం. దొరల కాలంలో కట్టిన హాలు అది. వేదికకీ మొదటి వరస కుర్చీలకీ మధ్య నడుము లోతు గుంట. అందులో కూర్చుంటే జనానికి మా నడినెత్తులు తప్ప ఏమీ కనిపించేవి కావు. కొత్త పావడా కట్టుకుని వచ్చినా చూసే దిక్కు లేదని నేను సణిగేదాన్ని.

"మన ఊర్లో కూడు పెట్టేదంతా కిందనే ఉండాదమ్మా. నువ్వూ కిందనే కూర్చో," అనేవారు.

మొదట్లో ఆయనంటే నాకు ఒళ్ళు మంట. నాది వయొలిన్. నా వరస నాకే సరిగ్గా రాని రోజుల్లో పక్కన ఫ్లూట్ అబ్బాయి వరస కూడా నేర్చుకోమనేవారు. వాడికి నాది. ఇదేం చాదస్తం సార్ అంటే, "రేపు ఆ పిల్లోడు రాకపోతే ఏం చేస్తావు? నాటకం ఆపేస్తావా?" అని ఎదురడిగేవారు. ఆయన రెండు చేతులూ హార్మోనియం మీదే కాబట్టి సైగలన్నీ గడ్డంతోనే. గడ్డం ఎత్తితే మొదలుపెట్టాలి, దించితే ఆపాలి. పక్కకి తిప్పారంటే ఎవరో తప్పు వాయించారని అర్థం. చాలాసార్లు నా వైపే తిరిగేది.

రిహార్సల్‌కి ముందు అందర్నీ వరసగా ఒకే మాట అడిగేవారు. "మీ నాయనది ఏ షిఫ్టు?" మేమందరం గని లైన్ ఇళ్ళ పిల్లలం. నైట్ షిఫ్టు దిగిన తండ్రి ఒంటిగది ఇంట్లో పగలంతా పడుకుని ఉంటే, నేను వయొలిన్ పెట్టె తెరిచానో లేదో మా అమ్మ గరిటె ఎత్తేది. అలాంటి వారాల్లో సార్ హాలు తాళం చెవి మా చేతికిచ్చేవారు. "షిఫ్టు దిగిన మనిషి నిద్దర చెడగొట్టి నేర్చుకునే సంగీతం మనకొద్దు," అనేవారు.

యూనివర్సిటీ పోటీలకి వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం నాటకాన్ని ఊరివాళ్ళకి ఆడి చూపించాం. హాలు కిటకిటలాడింది. ఆరోజూ అడిగారు. "సెకండ్ సార్," అన్నాను. అంటే ఆ వేళకి మా నాయన గనిలో ఉన్నాడు.

రెండో రంగంలో పాట నడుస్తోంది. ముందు నా అరికాళ్ళకి తెలిసింది. తబలా ఎగిరి పడింది. లోపలెక్కడో రాయి పగిలితే పైన ఊరంతా అదురుతుంది. మా ఊళ్ళో దాన్ని ఏర్‌బ్లాస్ట్ అంటారు. చిన్నవైతే గిన్నెలు సర్దుకుని ఎవరి పనిలో వాళ్ళం పడిపోతాం. ఇది చిన్నది కాదు. పైకప్పు సున్నం రాలి నా ఒళ్ళో పడింది. వేదిక మీద అమ్మాయి పాట మింగేసింది. ఆ వెంటనే గనిలోకి దిగే బావి, షాఫ్ట్ వైపు నుంచి సైరన్.

హాలంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు పడుతున్నాయి. చంటిబిడ్డలు ఏడుస్తున్నారు. బయటికి పోయే తలుపు ఒక్కటే. అయ్యో నాయనా అనుకున్నాను, అంతే, చేతిలో కమాను ఆగిపోయింది.

సార్ ఆపలేదు. అదే పాట, అదే నడక, ఇంకాస్త గట్టిగా.

"ఆపొద్దండప్పా! పాట ఇనపడతా ఉంటే జనం నడస్తారు. ఆగిపోతే పరిగెత్తుతారు. తలుపు కాడ తొక్కుకుంటారు."

అని నా వైపు చూశారు. గడ్డం గుంట మెట్ల వైపు తిరిగింది. "మీ నాయన సెకండ్ షిఫ్టు కదమ్మా. నువ్వు పో."

వయొలిన్ కుర్చీలో పడేసి మెట్లెక్కాను. నా వరసని ఫ్లూట్ అబ్బాయి అందుకున్నాడు. తర్వాత ఎవరెవర్ని పంపారో తబలా స్నేహితుడు నాకు చెప్పాడు. ఎవర్నీ మళ్ళీ అడగలేదట, గడ్డంతోనే ఒక్కొక్కర్ని పంపేశారట. ఒకరు లేస్తే పక్కవాళ్ళు అందుకోవడం. చివరికి మిగిలింది హార్మోనియం, తబలా. నేను తలుపు దాటేటప్పటికి నా ముందు ముసలమ్మలు మనవళ్ళ చేతులు పట్టుకుని నడిచే పోతున్నారు. ఆరోజు హాల్లో ఒక్కరు కింద పడలేదు.

షాఫ్ట్ గేటు దగ్గర మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది, ఎముక నొప్పి పుట్టేలా. గనిలోంచి మనుషుల్ని మోసుకొచ్చే ఇనప బోను, కేజీ, పైకి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళంతా ఒక్క అడుగు ముందుకేసేవారు. దుమ్ము కొట్టుకున్న మొహాల్లో మా నాయన లేడు. మళ్ళీ వచ్చింది. లేడు.

అప్పుడొచ్చారు సార్, హాలు ఖాళీ అయ్యాక. చేతుల్లో నా వయొలిన్. తోపులాటలో దెబ్బ తగలకుండా చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. మమ్మల్నందర్నీ పలకరించారు. "వచ్చినాడా?" "లేదు సార్," అని భోరుమన్నాను. ఆయన నా పక్కనే నిలబడ్డారు.

ఆ తర్వాతి కేజీలో మా నాయన వచ్చాడు, నొసటి మీద రక్తంతో. అమ్మ ఆయన్ని కొట్టింది, పట్టుకుని ఏడ్చింది. నాయన ఆమె భుజం మీంచి చూసి, "సార్, మీరేంది ఈడ?" అన్నాడు.

"మా తమ్ముడప్పా. వాడూ సెకండ్ షిఫ్టే."

ఈ మనిషి అంతసేపు గుంటలో కూర్చుని పాట వాయించాడు. తన కోసం గడ్డం మెట్ల వైపు ఒక్కసారైనా తిప్పుకోలేదు.

మా నాయన ఇంటికి రానన్నాడు. కట్టు కట్టించుకుని ఆయన పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ ప్రతి కేజీకీ తల ఎత్తారు. ఆ తమ్ముడు వాటిల్లో రాలేదు. మర్నాడు మోసుకొచ్చారు.

దినాలు ముగిసిన మర్నాడు సార్ రిహార్సల్‌కి వస్తారని మేమెవరం అనుకోలేదు. వచ్చారు. గుండు మీద తువ్వాలు. ఆరోజు ఆయన చేతుల్లోనే ఉండిపోయిన నా వయొలిన్ నా కుర్చీలో ఉంది. తీగలన్నీ శ్రుతి చేసి ఉన్నాయి. మేం తలలెత్తలేదు. ఆయన ఎప్పటిలాగే ఆ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కర్నీ అడుగుతూ నా దాకా వచ్చారు.

"మీ నాయనది ఏ షిఫ్టమ్మా?"

"నైట్ సార్."

"అయితే ఇంటి కాడ వాయించొద్దు."

తాళం చెవి నా అరచేతిలో పెట్టి, హార్మోనియం ముందు కూర్చున్నారు. రెండు చేతులూ దాని మీద పెట్టి, మా అందరి వైపూ చూసి, గడ్డం ఎత్తారు.