త్రిస్తావు టోపీ తీశాడు

లిస్బన్‌లో మా ఓడకెక్కిన సరుకుల్లో త్రిస్తావు ఒకడు. నీటి పీపాలు, ఉప్పు చేపలు, ఫిరంగి మందు, వాటితో పాటు ఉరిశిక్ష పడ్డ మనుషులు ముగ్గురు. పేరు తెలియని తీరం తగిలితే అక్కడి జనం మనిషిని చంపుతారో బతకనిస్తారో తెలియాలి కదా. అందుకని ముందు వీళ్లలో ఒకణ్ణి దించేవాళ్లు. బతికి తిరిగొస్తే శిక్ష రద్దు. రాకపోతే ఉరితాడు మిగిలినట్టు.

అతను నది అవతల బరేరులో పుట్టాడు. పన్నెండో ఏటి నుంచీ ఓడలకు ఎండు రొట్టెలు కాల్చే బట్టీలో పని. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ మొలవలేదు. పురుగు పట్టిన పిండి కలపమన్న మేస్త్రీని, రొట్టెలు తీసే చెక్క తెడ్డుతో ఒక్కటే దెబ్బ కొట్టాడు. మేస్త్రీ లేవలేదు.

"ఏరా త్రిస్తావూ, మాకు మంచి రొట్టె పెట్టాలని మనిషినే చంపావంటగా!" అని ఫిరంగి పేల్చే బ్రాస్ రోజూ ఎగతాళి చేసేవాడు. "మరి దీన్లో పురుగులేంట్రా ఇంత బలిసినయ్?"

"అయి వేరే బట్టీవి బ్రాసన్నా. మావాటికి మీసాలుంటయ్."

"బతికొస్తే ఏం చేస్తావు?"

"బట్టీ మొహం చూడను. నా పిల్ల మెసియా దగ్గరికి పోతా. జైలు కిటికీ దగ్గర నిలబడి, నీకోసం ఆగుతానంది."

"ఆగుద్దిలే, పక్కింటోడు ఖాళీగా లేనంతసేపు!"

అందరం నవ్వాం. త్రిస్తావు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆఫ్రికా తీరంలో ఒక నదీముఖం కనిపించిన రోజు కెప్టెన్ అతణ్ణి పిలిచి ఎర్ర ఉన్ని టోపీ ఇచ్చాడు.

"టోపీ నెత్తిన ఉంటే జనం మంచోళ్లని మేం అనుకుంటాం. తీశావో, ప్రమాదమని ఫిరంగి పేలుస్తాం. ఏదీ, చెప్పు."

"ఉంటే మంచి, తీస్తే చెడ్డ, దొరా."

మూడుసార్లు చెప్పించాడు. చెప్పినంతసేపూ త్రిస్తావు ఆ కొత్త టోపీని చేతిలో పట్టుకుని, దొర ముందు ఉత్త తలతోనే నిలబడ్డాడు. అందులో ఉన్న చిక్కు ఎవరికీ తట్టలేదు.

నేను తెరచాప కొయ్య మీద కాపలా ఉన్నాను. పడవ అతణ్ణి దించి వెనక్కి వచ్చింది. చెట్లలోంచి ఇరవై మంది దాకా వచ్చారు. ఎవరి చేతిలోనూ బల్లెం లేదు. ఒకామె కుండతో ఏదో ఇచ్చింది, అతను తాగాడు. టోపీ నెత్తినే ఉంది. కాసేపటికి జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. కర్ర పట్టుకుని ఒక ముసలాయన నడిచొచ్చాడు.

త్రిస్తావు టోపీ తీసి మోకాలు వంచాడు. పెద్దమనిషి ఎదురైతే మా వాళ్లెవరైనా చేసే పనే. ఆలోచించి చేసేది కాదు.

మోకాలు వంగడం నాకు కనబడింది. కానీ కింద నుంచి కెప్టెన్ అడిగింది ఒక్కటే.

"టోపీ ఉందా, లేదా?"

"తీశాడు దొరా!" అని అరిచాను. దండం పెడుతున్నాడేమో అని కూడా అనబోయాను. నా మాట తప్పయి మనవాళ్లు చస్తే నన్నేం చేస్తారో గుర్తొచ్చి ఊరుకున్నాను.

బ్రాస్ గురి మంచిది. ముసలాయన, పక్కనున్న, కుండ ఇచ్చినామె ఇద్దరూ పడిపోయారు. త్రిస్తావు నీళ్లలోకి పరిగెత్తాడు. మెడలోతు దాకా వచ్చి, మమ్మల్ని ఆపడానికి ఆ ఎర్ర టోపీనే చేత్తో పట్టుకుని గాలిలో ఊపుతున్నాడు.

"చూడండి, ఇంకా ప్రమాదమనే చెప్తున్నాడు. ఆ మాత్రం విశ్వాసం ఉంది వెధవకి!" అన్నాడు బ్రాస్.

అంతలో గుర్తొచ్చినట్టుంది, టోపీ నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"ఇప్పుడు వాళ్లు బెదిరించి పెట్టించారు. మనల్ని ఒడ్డుకు రప్పించే ఎత్తు," అన్నాడు కెప్టెన్. లంగరు ఎత్తించాడు.

గుమాస్తా ఆ సాయంత్రం పటం మీద 'క్రూరుల తీరం' అని అందంగా రాశాడు. చదవడం నాకు నేనే నేర్చుకున్నాను, దాన్ని రెండుసార్లు చదివాను.

మూడేళ్లకు వేరే ఓడ మీద అదే నదీముఖానికి వచ్చాను. పటంలో పేరు చూసి ఈసారి ఎవరినీ దించలేదు, నేరుగా ఫిరంగులు పేల్చారు. ఒడ్డున గుడిసెలు అంటుకున్నాయి. పొగలోంచి ఎవరో మా భాషలో అరిచినట్టనిపించింది. పక్కవాణ్ణి అడిగితే తనకేం వినబడలేదన్నాడు. రెండోసారి ఫిరంగి పేలాక నాకూ వినబడలేదు.