వదినె ఎంచిన క్యాసెట్లు

పోయిన నెల మా అమ్మాయి గోడంత టీవీ ఒకటి తెచ్చి, మనిషిని పిలిపించి బిగించి, దానికి నా పేరు కూడా ఎక్కించి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం భోంచేసి దాన్ని వెలిగించేసరికి తెర మీద నా పేరు, దాని కింద నా కోసమే ఎంచి పెట్టినట్టు వరుసగా సినిమాలు. హంతకుణ్ణి వెతికేవి ఒక వరుస, దయ్యాలవి ఒక వరుస, ఎక్కడెక్కడి జనాల బతుకులనో ఉన్నదున్నట్టు చూపించే డాక్యుమెంటరీలు ఒక వరుస, చివర బొమ్మల సినిమాలు. నాలుగూ నాకు ఇష్టమైనవే. ఆ ఇష్టం ఎలాంటిదో ఈ ఊళ్ళో మా అమ్మాయికి కూడా సరిగా తెలియదు. సంతోషించవలసిన మాటే గాని, నాకు మొదట కలిగింది అనుమానం. ఇవన్నీ దీనికి ఎవరు చెప్పారు? ఫోన్ చేసి అడిగితే మా అమ్మాయి నవ్వి, ఎవరూ చెప్పనక్కర్లేదమ్మా, నువ్వు ఫోన్లో చూసేవన్నీ అదే కనిపెట్టుకుంటుంది అన్నది. టీవీ ఆపేశాను. ఆ నాలుగు రకాలనూ ఒకప్పుడు నా కోసం ఎంచిన మనిషి ఒకరున్నారు. ఆమె మా వదినె.

నేను తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నదాన్ని. మా కోయంబత్తూరు వైపు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. రాతలో ఎక్కడైనా తడబడితే మీరు పెద్ద మనసుతో సర్దుకోవాలి.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తుడియలూరులో పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ పని నాది. ఆ గదిలో అందరం ఆడవాళ్ళమే, ఎనిమిది మందిమి. చుట్టిన చుట్టలను వార్నిష్‌లో ముంచి ఓవెన్లో కాల్చేది కూడా అక్కడే. తడి వార్నిష్ మీద దుమ్ము పడకూడదని ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు. సాయంత్రం బయటికొస్తే తల దిమ్ముగా ఉండేది, అన్నంలో కూడా అదే వాసన వచ్చేది. పనంటే ఇంతే కాబోలు అనుకునేవాళ్ళం. మాలో అందరికంటే పెద్దావిడను పెద్దక్క అనేవాళ్ళం. ఆమె చుట్టిన చుట్టలో ఒక్క తీగ కూడా పక్కకు తొలిగేది కాదు. యజమానిని ఆ ప్రాంతపు వాడుక ప్రకారం మొదలాళి అనేవాళ్ళం. ఆయనా మా తెలుగువాడే, అన్నూరు దగ్గర పొలాలున్న కుటుంబం. మా అమ్మ వాళ్ళింట్లోనే వంట చేసేది. మొదలాళి తల్లి కాళ్ళు పడిపోయి మంచంలో ఉండేది, అమ్మంటే ఆమెకు ప్రాణం.

మా అన్నకు మదురై నుంచి పెళ్ళాం వచ్చింది. వదినె వాళ్ళ నాయన అక్కడ ఒక టెంటు కొటాయిలో, అంటే డేరా సినిమా హాల్లో, మిషను ఆపరేటరు. ఆమె మిషను గదిలోనే పెరిగింది, రీళ్ళ డబ్బాల మీద కూర్చుని అన్నం తినేదట. పెళ్ళయి వచ్చిన రెండు నెలలకే తుడియలూరు బస్టాండు పక్కన వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే అంగడిలో పనికి చేరింది. మన వయసువాళ్ళకు ఆ అంగళ్ళు గుర్తుండే ఉంటాయి. గోడ నిండా కొత్త సినిమాల క్యాసెట్లు, వాటి వెనక ఎవరూ అడగనివి ఒక గుట్ట. ఏదో కాలేజీ వాళ్ళు తీసేసిన మూట కూడా అందులో ఉండేది. వదినె కళ్ళు ఎప్పుడూ ఆ గుట్ట మీదే.

అంగడి ఆదివారం మధ్యాహ్నం మూసేవాళ్ళు. ఓనరును ఎలా ఒప్పించిందో గాని, వీడియో డెక్కూ, ఒక క్యాసెట్టూ ఇంటికి తెచ్చేది. పొద్దున చర్చికి పోయేవాళ్ళు పోయి వచ్చి, వంటలు ముగించుకుని, మా వైండింగ్ ఆడవాళ్ళందరూ మా ముందుగదిలో చాప మీద చేరేవాళ్ళు. ఒక వారం హంతకుడి కథ, ఒక వారం దయ్యం, తర్వాత డాక్యుమెంటరీ, ఆ తర్వాత బొమ్మలు. భయపెట్టేవి రెండు వరుసగా పెడితే రెండోది పని చేయదని వదినె లెక్క. చాలావరకు మాకు తెలియని భాషలే. ఆమె టీవీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ తెల్లవాళ్ళ మాటలకు మా ఇంటి తెలుగులో మాటలు కట్టేది. సగం ఆమె సొంతమని నాకిప్పటికీ అనుమానమే. హంతకుడి సినిమాను సగంలో ఆపి, ఎవరు చేసిందో చెప్పండి అనేది. మేం ఒక్కొక్కరం ఒక్కొక్కరి మీద నేరం మోపేవాళ్ళం. ఎప్పుడూ తప్పే. ఆ ఆదివారాల్లోనే మేం మనుషుల ముఖాలు చూసి అనుమానించడం నేర్చుకున్నాం.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ రోజు చూసిన కథను అమ్మకు చెప్పడం నా అలవాటు. మొదలాళి వాళ్ళ పెద్దింట్లో వంట ముగించుకొచ్చి, కాళ్ళు చాపుకుని, ఊఁ కొడుతూ వినేది.

ఒక ఆదివారం డాక్యుమెంటరీ వంతు వచ్చింది. అది ఏ దేశమో కూడా గుర్తులేదు. మాలాంటి ఆడవాళ్ళే, మా గదిలాంటి గదే, వాళ్ళూ ఏదో పూత పూసే పనే చేస్తున్నారు. కొన్నేళ్ళకు వాళ్ళ చేతులు వణకడం, మెట్లెక్కలేక ఆయాసపడటం, ఒకావిడ సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేకపోవడం, ఇంతే సినిమా. ఆ రోజు వదినె మాటలు కట్టలేదు. అయిపోయాక పెద్దక్క తన చేతులను ఒడిలోంచి తీసి చూసుకుంది. మెల్లగా అందరం అదే మాట మీదికి వచ్చాం: కిటికీ మేకులు తీయించాలి, గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టించాలి. రేపు సోమవారం బెల్లు కొట్టకముందే అందరం కలిసి మొదలాళి ముందు నిలబడాలి, పెద్దక్క మాట్లాడాలి, అప్పటిదాకా ఈ గది దాటి ఒక్క మాట పోకూడదు. అందరం చేతిలో చెయ్యి వేసుకున్నాం. వదినె కంపెనీ మనిషి కాకపోయినా ఆమె చెయ్యి కూడా అందులో ఉంది.

సోమవారం గేటు దగ్గర సూపర్‌వైజరు ముందే నిలబడి ఉన్నాడు. పెద్దక్కను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, ఇవాళ్టి నుంచి నీకు పని లేదు అన్నాడు. మిగిలినవాళ్ళను చూసి, గాలి కావాలనేవాళ్ళు ఆమెతోపాటు బయటే ఉండొచ్చు, గాలి బాగా వస్తుంది అన్నాడు. మేం ఇంకా నోరే తెరవలేదు. పెద్దక్క మా వైపు తిరిగి చూసింది. ఏడుగురం తల వంచుకుని లోపలికి పోయాం. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రోజు నుంచి ఆ గది గది కాదు. మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకరు లేచి నీళ్ళకు పోతే మిగతావాళ్ళ చూపులు వెంట పోయేవి. మా మాటను బయటికి ఎవరు మోశారు? పెద్దక్క తన నోటి కూడు తానే పడగొట్టుకోదు. మేం ఏడుగురం ఒకరి మీద ఒకరం ఒట్లు వేసుకున్నాం. మూడో రోజున మాలో ఒకామె నా పక్కకు జరిగి, మీ వదినె నిన్న బస్సు స్టాపు దగ్గర సూపర్‌వైజరుతో చాలాసేపు మాట్లాడుతుంటే చూశానని చెప్పింది. సినిమా సగంలో ఆపినట్టు నా తలలో అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మదురై మనిషి. మాతో పని చేయనిది. చేతిలో చెయ్యి ఎందుకు వేసింది? ఆ క్యాసెట్టే ఎందుకు ఎంచింది? మమ్మల్ని రెచ్చగొట్టి తానే మోసిందా? ఒకసారి అనుమానం పట్టాక ఆమె చేసిన ప్రతి మంచి పనికీ వెనక మరొకటి కనిపించసాగింది. డెక్కును ఓనరు ఊరికే ఎందుకు ఇస్తాడు అన్నదాకా పోయాను.

ఆమెను నేరుగా అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అన్నకు చెప్పాను. అన్న ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. అమ్మ లోపల రుబ్బురోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతోంది, నేను గోడకు ఆనుకుని ఉన్నాను.

"సూపర్‌వైజరుతో ఏమి మాట్లాడితివి?"

"నేను ఎవురికీ ఏమీ చెప్పలే," అన్నది వదినె.

"అది అడగలే. ఏమి మాట్లాడితివి అంటా ఉండాను."

అమ్మ చేతిలో పొత్రం ఆగింది. వదినె అమ్మ వైపు చూసింది, చాలాసేపు చూసింది. అమ్మ మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టింది. నేను ఆ చూపును పట్టుబడిన మనిషి పెద్దదిక్కు సాయం కోరే చూపు అనుకున్నాను. ఆ మౌనమే నాకు రుజువైంది. మర్నాడు కంపెనీలో ఆరుగురికీ నేనే చెప్పాను, మా వదినే అని.

ఆదివారాలు ఆగిపోయాయి. అంగడికి వచ్చే ఆడవాళ్ళు వదినెను చూసి గొంతులు తగ్గించడం చూసి, అన్న ఆమెను ఆ పని మాన్పించాడు. ఆరు నెలలు కాకముందే మదురైలో ఒక ఆసుపత్రిలో పని దొరికిందని చెప్పి ఇద్దరూ వెళ్ళిపోయారు. తర్వాత పెళ్ళిళ్ళకూ చావులకూ కలిసేవాళ్ళం. ఆమె నాకు వడ్డించేది, నేను తినేదాన్ని, అంతే. పెద్దక్క అన్నూరు వైపు ఒక మగ్గాల షెడ్డులో చేరిందని విన్నాం. మా కిటికీ మేకులు మాత్రం ఆ మరుసటి ఏడు ఊడాయి, ఫ్యాను కూడా వచ్చింది. ఎవరో పెద్ద కొనుగోలుదారు చూడటానికి వస్తున్నాడని మొదలాళే పెట్టించాడు.

చాలా ఏళ్ళ తర్వాత, అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉండేది. ఒక పొద్దున జావ తాగిస్తుంటే చెంచా పట్టుకుని ఆపి, తలుపు వైపు చూస్తూ చెప్పింది.

"పెద్దింట్లో ఆయమ్మకు నేనే చెప్తిని. ముందే చెవిలో వేస్తే కొడుకుకు మంచిగా చెప్పి ఫ్యాను పెట్టిస్తాదని. పిల్లలు వట్టిగా పోయి నిలబడి మాట పడకూడదని."

మిగిలిన జావ తాగలేదు. నాకు ఆ ఆదివారం సాయంత్రం కళ్ళముందుకొచ్చింది. గది దాటి ఒక్క మాట పోకూడదని చెయ్యి వేసిన నేనే, ఆ కథను చివరిదాకా, రేపటి సంగతితో సహా అమ్మకు చెప్పాను. అమ్మకు చెప్పడం ఒకరికి చెప్పడమని నాకు తోచనే లేదు. అమ్మ నా దగ్గర విన్న కథలన్నీ మంచంలో ఉన్న ఆ పెద్దావిడకు చెప్పేదట. అన్ని వారాలూ చెప్పినట్టే ఆ వారమూ, సోమవారం తెల్లవారకముందే వంటకు పోయినప్పుడు చెప్పింది. ఆ గదిలో ఎవరు మోశారని నేను వెతికిన మనిషిని నేనే.

అమ్మ పోయి దినకర్మలు ముగిశాక పొద్దున బస్సెక్కి మదురై పోయాను. అన్న అప్పటికి లేడు. వదినె ఒక్కతే ఉంది, జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె నూనె గిన్నె మూత పెట్టి, చేతులు తుడుచుకుంది.

"తెలుసు పాపా. సూపర్‌వైజరే చెప్పె. పెద్దక్కను మళ్ళీ పనికి తీసుకోమని అడగను పోతిని. మీ అత్త నోటినించి వచ్చిన మాటమ్మా అది, నేనేమి చేసేది అనె."

"మరి అన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు వదినె?"

"అత్త చెప్తాదని చూస్తిని. అత్త చెప్పలే." నూనె గిన్నెను పక్కకు జరిపింది. "నేను చెప్పుంటే నువ్వు నమ్మిందువా?"

నమ్మేదాన్నని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఆమె నా ముఖం చూసి, శరి, కాఫీ పెడతా అని లేచింది. మోకాళ్ళు పట్టేసి ఒకసారి తడబడితే నేను పట్టుకున్నాను. వంటింటిదాకా ఆ చెయ్యి వదల్లేదు.

పెద్దక్కకు చెప్పాలని అన్నూరు కూడా పోయాను. ఆమె పోయి అప్పటికి నాలుగేళ్ళయిందని షెడ్డువాళ్ళు చెప్పారు.

ఇప్పుడు రెండు నెలలకొకసారి మదురై వెళుతున్నాను. వదినె ఇంట్లోనూ టీవీ ఉంది, కాని ఎక్కువగా ఆపే ఉంటుంది. పోయినసారి, ఇన్ని సినిమాలు ఇంట్లోకే వస్తున్నాయి కదా, ఒకటి ఎంచు చూద్దామన్నాను. ఎనిమిది మందికి ఎంచితిని పాపా, ఇద్దరికి ఎంచేదేముంది అని నవ్వేసింది. నిజమే. మా వైండింగ్ గదిలో ఇప్పుడు తీగ చుట్టేది మిషనట, ఇద్దరు కుర్రవాళ్ళు చెవుల్లో ఏదో పెట్టుకుని ఎవరి సినిమా వాళ్ళు వింటూ చూసుకుంటారట. వాళ్ళమధ్య తగవులు లేవని, ఒకరి సంగతి ఒకరికి పట్టదని మా పాత నేస్తం ఒకామె మెచ్చుకుంటూ చెప్పింది. నేను కాదనలేదు. కాని దయ్యం తెర మీదికి వచ్చే ముందు ఎనిమిది మందిమీ ఒకేసారి ఊపిరి బిగబట్టి, పక్కనున్నవాళ్ళ మోచెయ్యి గట్టిగా పట్టుకునేవాళ్ళం. భయం పోయాక కూడా కాసేపు వదిలేవాళ్ళం కాదు. ఎవరి మోచెయ్యి ఎవరు పట్టుకున్నారో చూసుకోని ఆ కాసేపు మా మధ్య అనుమానమన్నదే ఉండేది కాదు.