భీముడి ముందు నా జపాను భాష

శ్రీ సిటీలో ఒక జపాను కంపెనీ గోదాములో నాలుగేళ్లు పనిచేశాను. ఆ నాలుగేళ్లలో నాకు పట్టుబడిన జపాను మాటలు ఇరవైకి మించవు. జాగ్రత్త, పెట్టె, ఆలస్యం, అలాంటివి. తిరుపతిలో మా సినిమా మిత్రులతో మాత్రం భాష బాగా వచ్చని చెప్పుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున కల్యాణమండపం భోజనాల హాల్లో పాత జపాను సినిమా వేశాం. నలుపు తెలుపు బొమ్మ. ప్రభువు లేని కత్తివీరుడొకడు ఊరూరా తిరుగుతూ, ఏటి రేవు కోసం రెండు ఇళ్లవాళ్లు కొట్టుకునే ఊరికి వస్తాడు. తెర కింద అక్షరాలు ఏ భాషలోనూ రాలేదు. అందరూ నావైపు తిరిగారు. లేచి నిలబడ్డాను.

ముందు వరసలో మా ఆవిడ మేనమామ ఉన్నాడు. చిత్తూరు దగ్గర వాళ్ల ఊళ్లో ఏటా ద్రౌపదమ్మ గుడి ముందర భారతం ఆడతారు. ముప్పయ్యేళ్లుగా అందులో భీముడి వేషం ఆయనదే.

మా వైపు జనానికి కొట్లాట కనిపిస్తే చాలు, పాండవులెవరో కౌరవులెవరో తేలాలి. వెనకనుంచి ఒకాయన అడగనే అడిగాడు. "ఈ కత్తాయన ఏ పక్షమప్పా?"

"ఎడమ పక్క ఇంటోళ్ల తమ్ముడు. చిన్నప్పుడు తప్పిపోయినాడు," అన్నాను.

మామ అందుకున్నాడు. "తమ్ముడూ లేదు, తోటకూరా లేదు అల్లుడా! కాళ్లు సూడు. మొగం వాళ్లకేసి ఉండాది, కాళ్లు బాటకేసి ఉండాయి. ఈయప్ప ఎవురోడూ కాదు. ఈడ నిలవడు."

"మామా, మీకు జపాను వచ్చునా?"

"నాకు రాదు. కాళ్లకు భాష యాడిదిరా?"

హాలంతా నవ్వింది, నన్ను చూసి. నాకు రోషం వచ్చింది. టిఫిను తిని రమ్మని ఆయన్ను బయటికి పంపేశాను. కత్తివీరుడు రెండిళ్లవాళ్లనూ చితక్కొట్టి, రేవు దాటి ఒంటరిగా వెళ్లిపోయాడు. అప్పుడైనా ఊరుకున్నానా? "తమ్ముడు అలిగి పోతున్నాడు," అన్నాను.

తర్వాత ఎవరో మామ చెప్పినట్టే అయిందేమని అడిగితే, "వయసు మీద పడింది, మతి తప్పుతా ఉండాది," అనేశాను. ఆ మాట నాకంటే ముందే వాళ్ల ఊరు చేరింది. భీముడి వేషం ఈసారి వేరేవాళ్లకు ఇద్దామని భారతం కమిటీవాళ్లు అనుకుంటున్నారని మా ఆవిడే చెప్పింది.

"పద్యంలో ఒక్క అక్షరం పోనీయని మనిషికి మతి తప్పిందా? మీరు పోయి చెప్తారా, నన్ను పొమ్మంటారా?"

నేనే వెళ్లాను. కమిటీ పెద్దలు ఐదుగురి ముందు జరిగిందంతా చెప్పాను. వాళ్లు నమ్మలేదు. "మామను కాపాడాలని నువ్వే అబద్ధం ఆడతా ఉండావు," అన్నారు. నా అబద్ధం నమ్మినంత సులువుగా నిజాన్ని నమ్మలేదు. దాంతో మామను పిలిపించి, అధ్యక్షుడి ఇంట్లో టీవీలో అదే సినిమా పెట్టించి, శబ్దం తీసేయించాను. ప్రతి కొట్లాటకు ముందూ ఎవడు కత్తి దూస్తాడో, ఎవడు పారిపోతాడో మామ చెప్పాడు. ఒక్కసారే తప్పాడు. అది కూడా ఆ కత్తివీరుడి పొరపాటేనన్నాడు. చివర్లో వీరుడు రేవు దాటుతుంటే పెద్దలు ఈలలు వేశారు. వేషం ఆయనకే ఉండిపోయింది.

నన్ను మాత్రం ఊరికే వదల్లేదు. బకాసుర వధ రోజు భీముడు అన్నం బండెక్కి ఊరంతా తిరుగుతాడు. ఆ బండి మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వీధి మలుపులో ఎడ్లను ఆపించాడు.

"సెప్పు అల్లుడా."

"మామ చెప్పిందే నిజం. నేను చెప్పింది అబద్ధం."

"గట్టిగా! ఆ మిద్దె మీదోళ్లకు ఇనపళ్లేదంట," అన్నాడు, నోటి నిండా గారెలతో.

తొమ్మిది వీధుల్లో చెప్పాను. తిరుపతికి ఆ బండి రాలేదు. ఆ ఆదివారం హాల్లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.