ఆముదం పట్టించడమంటే

రోజూ పొద్దున ఏడున్నరకు హిందూపురంలో ధర్మవరం బస్సెక్కి పెనుకొండలో దిగుతాను. అక్కడ బడిలో తెలుగు చెబుతాను. మొన్న సోమవారం నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో సంచి సర్దుకుంటుంటే లోపలున్న సీసా మూత వదులై గుప్పున వాసన వచ్చింది. వంటాముదం. అంగట్లో దొరికే తెల్లటి నూనె కాదు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలినదాన్ని గరిటెతో తీసిన చిక్కటి ఆముదం. కొంచెం మాడు, కొంచెం పచ్చి, ఎవరికీ నచ్చని వాసన. ముందు సీటు పెద్దాయన ముక్కు మూసుకొని కిటికీ తెరిచాడు. నా చెయ్యి మాత్రం దానంతటదే పొట్ట కుడివైపుకు పోయింది. అక్కడ బెత్తెడు మచ్చ ఉంది. ఆ మచ్చను మెత్తబరిచిన మనిషి ఓబుళమ్మవ్వ. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నడుము నిటారు చేసి కూర్చుంటాను.

పద్నాలుగేళ్ళ కింద నేను ధర్మవరంలో ఒక ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని. కడుపునొప్పిని వారం రోజులు సోడాతో, వాముతో బుజ్జగించి, చివరికి అపెండిక్స్ పగిలాక ఆస్పత్రికి పోయిన తెలివైనదాన్ని. ఆపరేషను బాగానే జరిగింది. కుట్లు మానాయి. కానీ నెలలు గడిచేకొద్దీ మచ్చ తాడులా గట్టిపడి లోపలికి లాగడం మొదలుపెట్టింది. నిలువుగా నిలబడితే నొప్పి. చెయ్యి పైకెత్తితే నొప్పి. బోర్డు మీద సగం నుంచి కిందికే రాసేదాన్ని. వెనక బెంచీ పిల్లలకు ముందువాళ్ళ తలలు తప్ప నా పాఠం కనిపించేది కాదు. వయసు ఇరవై ఆరు, నడక అరవై. ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉండేది, ఆ భయాన్ని పిల్లల మీద కసిరి తీర్చుకునేదాన్ని.

నేను అద్దెకున్న గది పక్కిల్లే ఓబుళమ్మవ్వది. ఆవిడ పని పడుగు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. వేలికి ఇంత బూడిద అద్దుకొని, మాట్లాడుతూనే, చూడకుండానే అతికేది. అతుకు యాడుందో నేసేవాడికి కూడా తెలియకూడదు, అదీ ఆ పనిలో గొప్ప. ఒకరోజు నేను గేటు తీసుకొని వస్తుంటే అరుగు మీది నుంచి పిలిచింది.

"ఏమ్మే టీచరమ్మా, గుడ్లు పొదిగే కోడి మాదిరి వంగి నడుస్తాండావు, ఏంటికి?"

నాకు కోపం వచ్చింది. ఆపరేషనయిందని ముక్తసరిగా చెప్పాను. ఆవిడ తన కుడిచెయ్యి నా ముందు చాపింది. ముంజేతి నుంచి వేళ్ళ దాకా చర్మం ముడతలుగా మెరుస్తోంది. వయసులో ఉన్నప్పుడు పట్టుకు రంగులద్దే చోట మరిగే నీళ్ళ గంగాళం ఒలికిందట. పుండు మానింది గానీ వేళ్ళు ఒకదానికొకటి దగ్గరగా బిగుసుకుపోయాయట.

"ఈ యేళ్ళు ఆడకపోతే నాకు కూడు యాడిది? రోజూ పొద్దున, మాపున ఆముదం పెట్టుకొని తోముకుంటి, సాగదీసుకుంటి. సంవత్సరం పట్టింది. నాలుగు యేళ్ళు నా మాట ఇన్యాయి. ఈ చిటికినేలు మాత్రం ఇనలే." వంగిపోయి ఉన్న చిటికినవేలును అల్లరి మనవణ్ణి చూపించినట్టు చూపించి నవ్వింది.

ఆ సాయంత్రమే మొదలు. ముందు పుండు పూర్తిగా మానిందా, డాక్టరు ఏమన్నాడు అని రెండుసార్లు అడిగింది. ఆముదం గోరువెచ్చగా చేసి, రెండు వేళ్ళతో మచ్చ మీద నొక్కి, చర్మాన్ని పక్కకు, పైకి, గుండ్రంగా జరిపేది. రుద్దడం కాదది. అతుక్కున్న రెండు పోగుల్ని తెగకుండా విడదీసే చెయ్యి అది. నొప్పికి నేను మూలిగితే ఆగేది. మానేది కాదు. మూడు వారాలైనా తేడా ఏమీ కనబడక నేను విసుక్కున్నాను.

"ఈ ఆముదంలో ఏముందవ్వా అసలు?"

"ఏముంటాది? జిడ్డుంటాది. చెయ్యి జారేదానికి ఆముదం. పని చేసేది చెయ్యి, దినాలు."

మందు అమ్మేవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు. ఆవిడ మందు అమ్మలేదు కాబట్టి అనగలిగింది. రెండు నెలలకు నేను బోర్డు పైఅంచు దాకా చెయ్యెత్తి తేదీ రాశాను. వెనక బెంచీ వాళ్ళు చప్పట్లు కొట్టారు, వెధవలు, వాళ్ళకెంత తెలుసో అప్పుడే తెలిసింది.

అయితే మచ్చ మెత్తబడినా లోపల ఎక్కడో పట్టేసినట్టు అప్పుడప్పుడూ నొప్పి వచ్చేది. అవ్వకు చెప్పాను. పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసి, చెయ్యి తీసేసింది. "ఇది తోలు కింద ఉండేది కాదమ్మా. ఇంకా లోపల. నాకు తెల్దు. ఆస్పత్రికి పో." నేను పోలేదు. ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయి, పెనుకొండలో అమ్మ దగ్గరికి పోయి విశ్రాంతి తీసుకుంటే అదే సర్దుకుంటుందనుకున్నాను. అవ్వ సీసా నిండా ఆముదం ఇచ్చి పంపింది. మచ్చకు రోజూ చెయ్యడం మానితే మళ్ళీ బిగుస్తుందని ఆవిడ బెంగ. నేను పెనుకొండ చేరాక ఫోను చేసి అమ్మతో మాట్లాడింది. ఫోను స్పీకరులో ఉంది. ఆ మాటలు నేనూ విన్నాను.

"పొద్దున, మాపున మరవకుండా ఆముదం పట్టించు తల్లీ. లోపల్దాకా దిగల్ల. అప్పుడే పట్టు ఇడుస్తాది."

మా అమ్మకు ఆముదం పట్టించడమంటే ఒకటే తెలుసు. చిన్నప్పుడు నెలకొక ఆదివారం మమ్మల్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, ముక్కు మూసి, గుటక వేసేదాకా వదలకుండా చేసిన పని అది. మరునాడు పొద్దున వేడి కాఫీలో రెండు గరిటెల ఆముదం కలిపి తెచ్చింది. నేను ఎనిమిదో తరగతికి నానార్థాలు చెప్పేదాన్ని. తలకు నూనె పట్టించడం వేరు, బిడ్డకు పాలు పట్టించడం వేరు అని పరీక్షలో అడిగి మార్కులు కోసేదాన్ని. ఆ నేనే, లోపలి నొప్పికి లోపలి మందు కాబోలనుకొని, కళ్ళు మూసుకొని తాగాను. ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోను పక్కనే ఉంది.

రెండో రోజు సాయంత్రానికి కడుపు కుండలా ఉబ్బింది. నొప్పి అలలుగా వచ్చి మెలిపెట్టేది. తర్వాత వాంతులు, పచ్చగా. అమ్మ పక్కింటివాళ్ళ కారు మాట్లాడి హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోయింది. దారి పొడుగునా నా తల ఒళ్ళో పెట్టుకొని "పోతుందిలే, శుద్ధి అవుతోంది" అంటూనే ఉంది. ఆ మాట తనకు తనే చెప్పుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది. నేను చచ్చిపోతాననే అనుకున్నాను.

అక్కడి డాక్టరమ్మ ఫోటోలు తీయించి, మెల్లగా చెప్పింది. పాత ఆపరేషను తర్వాత లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొందరికి అలా అవుతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఒకచోట దారి ఇరుకైంది. ఇరుకైన దారిలోకి ఆముదం వెనక నుంచి తోసింది. "లోపలి అతుకుల్ని కరిగించే నూనె గానీ, ఆకు గానీ, కషాయం గానీ లేదమ్మా. ఎవరైనా ఉందంటే నమ్మొద్దు. రేపటికి దారి ఇవ్వకపోతే మళ్ళీ ఆపరేషను చెయ్యాలి." ముక్కులో గొట్టం, చేతికి సెలైను, నోటికి చుక్క నీళ్ళు లేవు. రేపటి కోసం ఎదురుచూడటం తప్ప పనిలేదు.

మరునాడు పొద్దున, సంగతి తెలిసి, ప్యాసింజరు రైలుకు ధర్మవరం నుంచి ఓబుళమ్మవ్వ వచ్చింది. గుమ్మంలో ఆవిణ్ణి చూడగానే అమ్మ భగ్గుమంది.

"నువ్వు చెప్తేనే గదా పోసింది! నా బిడ్డను చంపితివి గదమ్మా!"

అవ్వ మంచం దగ్గరికి వచ్చి నా మొహం చూసి, అమ్మ వైపు తిరిగి, నెమ్మదిగా అడిగింది. "ఎట్ల పట్టిస్తివి తల్లీ? చేసి చూపీ."

అమ్మ ఎడమచేత్తో ముక్కు మూసినట్టు, కుడిచేత్తో గ్లాసు ఎత్తినట్టు చూపించింది. అవ్వ ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత తన అరచెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పి, "నేను ఇట్ల అంటి," అంది. ఒకే మాట ఇద్దరి చేతుల్లో రెండుగా కనబడింది. నాకు నవ్వొచ్చింది. గొట్టం కదిలి నొప్పెట్టి, నవ్వు ఏడుపైంది. సిగ్గుతో వచ్చిన ఏడుపది. నానార్థాల టీచరు నోట్లోనే పడింది రెండో అర్థం.

అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తప్పు నాదే. చెయ్యితో చూపీల్సిన పని నోటితో జెప్తి."

అమ్మ ఆ మాటకు కరిగింది. "నేనూ అడగాల్సింది లేమ్మా," అంటూ ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. ఆ సాయంత్రం నా కడుపులో గుడగుడమంది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని నవ్వింది. ఆపరేషను తప్పింది. పేగుల చప్పుడు అంత తీయగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. మూడో రోజు గంజి తాగాను. అవ్వ అప్పటిదాకా ఊరికి పోలేదు. పోయే ముందు డాక్టరమ్మను వరండాలో ఆపి, ఏ మచ్చకు చెయ్యొచ్చు, ఎప్పుడు చెయ్యకూడదు అని ఒక్కొక్కటే అడిగింది. విన్నదాన్ని తిరిగి ఆమెకే చేసి చూపించింది.

తర్వాత ఆరేళ్ళు ఆ అరుగు మీద నేను చూసిన ఓబుళమ్మవ్వ వేరు. ఫోనులో ఎవరడిగినా "ఈడికి రాండి" అనేది. వచ్చినవాళ్ళకు తను చేసి చూపేది. అంతటితో పంపేది కాదు. "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. "ఇప్పుడు నువ్వు చేసి చూపీ" అనేది. సీసా చేతికిచ్చే ముందు నోటి మీద వేలు పెట్టి అడ్డంగా తల ఊపేది.

ఒకసారి గోరంట్ల నుంచి ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు రెండు ఆపరేషన్లయ్యాయి, లోపల అతుకులున్నాయి, మళ్ళీ కత్తి అంటే భయం. పోగులు విడదీసే చెయ్యి కదా, లోపలివి కూడా విడదీస్తుందని ఎవరో చెప్పారట. ఆయన దాదాపు కాళ్ళ మీద పడ్డాడు.

"నాకు తెల్దప్పా," అంది అవ్వ.

"తెల్దంటే ఎట్లవ్వా? నీ మీద ఆశ పెట్టుకొని వస్తిమి."

"ఆశ పెట్టుకున్యారు గాబట్టే చెప్తాండా. తెలుసునంటే ఇంకో నెల ఈడే కూసుంటారు. ఆ నెలలో ఏమన్నా అయితే?" నా వైపు చూపించింది. "ఈ టీచరమ్మను అడుగు. నా మాట తాగి సావు దాకా పోయొచ్చింది."

వాళ్ళు ముఖాలు వేలాడేసుకొని పోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ చూస్తూనే ఉంది. చేతిలో సాయం ఉండి చెయ్యకపోవడం సులువే. లేని సాయాన్ని లేదని చెప్పడానికి ఆవిడ ఎంత బాధపడిందో ఆ రోజు అన్నం సగంలో వదిలేసినప్పుడు చూశాను. నాకు పెద్ద చదువులు చదివినవాళ్ళు చాలామంది తెలుసు. "నాకు తెల్దు" అని అంత శుభ్రంగా చెప్పినవాళ్ళను మళ్ళీ చూడలేదు. అప్పటి నుంచి తరగతిలో పిల్లలు తెలియనిది అడిగితే దబాయించడం మానేశాను. పాఠం అయ్యాక "అర్థమైందా" అనడమూ మానేశాను.

బస్సు సంగతి పూర్తి చెయ్యలేదు. సీసా మూత బిగిస్తున్నామెను ఎవరి కోసమని అడిగాను.

"నాకేనక్కా. కడుపు ఆపరేషనై అయిదు నెల్లు. కుట్లకాడ రాయి మాదిరి గట్టిగయింది. ఆముదం పట్టించుకోమన్యారు."

పెనుకొండ వచ్చేసింది. కండక్టరు నా వైపు చూస్తున్నాడు. లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"ఎట్ల పట్టించుకుంటావమ్మా? ఒకసారి చేసి చూపించు."

వింతగా చూసి, మొహమాటంగా నవ్వి, ఆమె బొటనవేలు పెదాల దగ్గర పెట్టుకొని తల వెనక్కి వాల్చింది.

ఆ చేతిని అక్కడే పట్టుకున్నాను. కిందికి దించి, చీర మీదుగానే ఆమె పొట్ట మీద పెట్టాను. నొప్పి వస్తోందా, వాంతులున్నాయా, ఆపరేషను చేసిన డాక్టరును అడిగావా అని ఒక్కొక్కటే అడిగాను. నొప్పీ వాంతులూ లేవంది, కుట్లు బాగా మానాయని డాక్టరు చెప్పాడంది. రెండు వేళ్ళు ఎలా జరపాలో నా ముంజేతి మీద చూపించాను. ఆమెను చెయ్యమన్నాను. తప్పు చేసింది. మళ్ళీ చెయ్యమన్నాను. కుదిరేసరికి పెనుకొండ దాటి ఎర్రమంచి వచ్చింది. దిగుతుంటే వెనక నుంచి అడిగింది.

"ఇదంతా నీకెవరు నేర్పించిరక్కా?"

ఓబుళమ్మవ్వకూ నాకూ చుట్టరికం లేదు. పక్కింట్లో అద్దెకున్నాను, అంతే.

"మా అవ్వ," అన్నాను.