సక్కుబాయి నక్కో

సక్కుబాయి పుట్టిన దగ్గర్నుంచి విన్న మాట ఒక్కటే, నక్కో. పాతబస్తీలో వద్దు, కాదు, కుదరదు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. రేడియోలు బాగుచేసే తండ్రి గుండయ్యను సోల్డరింగ్ కడ్డీ ఇమ్మని అడిగితే ఆయన నక్కో అన్నాడు. చెయ్యి కాలితే పెళ్ళెట్లా అవుతుందని ఆయన బాధ. ఆమె పట్టుకుంది, కాల్చుకుంది, పెళ్ళీ అయింది. బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది, ఎవరు చూసినా దాచదు. బార్కస్‌లో ఒకింటికి టీవీ బాగుచేయడానికి వెళ్తే, మెకానిక్ ఏడని అడిగి తలుపు మూయబోయారు. తలుపుకు కాలు అడ్డం పెట్టి "మెకానిక్‌ను నేనే" అంది. ఆ ఇంటివాళ్ళే ఇప్పుడు రంజాన్‌లో గిన్నెడు హరీస్ పంపుతారు.

అఫ్జల్‌గంజ్ సందులో తండ్రి వదిలిన దుకాణంలో సగం ఆమెది, సగం తమ్ముడు నగేష్‌ది. తమ్ముడి వైపు మొబైల్ కవర్లు తళతళలాడుతుంటాయి. అక్క వైపు ఒక పాత కంప్యూటర్ రొప్పుతూ ఉంటుంది. దాని వెనక ప్రింటరు తగిలించుకునే వెడల్పాటి పోర్టు ఉంది. ఇప్పటి కంప్యూటర్లకు అది ఉండదు. సక్కుబాయి ఆ పోర్టులోంచి తీగలు లాగి, టీవీల్లో, మెషిన్లలో సెట్టింగులు గుర్తుపెట్టుకునే చిన్న చిప్పులతో మాట్లాడుతుంది. వాటికి రెండు తీగలు చాలు. ఒకటి పాటకు వేసినట్టు తాళం వేస్తుంది, రెండోదాని మీద మాట నడుస్తుంది. ప్రతి చిప్పుకూ ఒక నంబరుంటుంది. ఆ నంబరుతో పిలిస్తే చిప్పు తీగ మీది వోల్టేజీని కిందికి లాగుతుంది. లాగితే ఉన్నట్టు, లాగకపోతే లేనట్టు. ఆ జవాబులు తెర మీద తన భాషలోనే కనపడాలని సక్కుబాయి ప్రోగ్రాములో రెండే మాటలు రాసుకుంది. ఉంటే హౌ, అంటే ఔను. లేకుంటే నక్కో.

ఆ రోజు సుందరమ్మ తన ఎంబ్రాయిడరీ మెషిన్ ప్యానెల్‌ను చీరకొంగులో చుట్టి తెచ్చింది. పెళ్ళివాళ్ళ జాకెట్లు సగం కుట్టాక మెషిన్ అన్నీ మర్చిపోయి కూర్చుందట. కంపెనీవాళ్ళేమో కొత్తది కొనుక్కోమన్నారట.

"బిడ్డా, నువ్వే దిక్కు" అంది సుందరమ్మ.

నగేష్‌కు సందు దొరికింది. "అక్కా, ఇయ్యాల తేల్చేద్దాం. గీ బోర్డు బతికితే నీ కంప్యూటర్ ఉంచుకో. బతకకుంటే పాతసామాన్ల భిక్షపతి బండి వస్తది, ఎక్కించేద్దాం. గా జాగల కూడా కవర్లు పెడ్త."

"పెట్టుకో" అంది సక్కుబాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆమె. కానీ ఆ మూల పోతే తను దుకాణంలో కవర్లమ్మే మనిషిగా మిగులుతుందని ఆమెకు తెలుసు.

పాత తీగను పందికొక్కు కొరికేసింది కాబట్టి అప్పటికప్పుడు కొత్తది అతికించింది. తొందరలో జవాబు తీగ ఎప్పుడూ పెట్టే పిన్నుకు కాక పక్క పిన్నుకు పడింది. ఏ పిన్నైతే ఏముందిలే అని ప్రోగ్రాములో ఆ పిన్ను నంబరే వేసింది. ప్యానెల్‌లోని చిప్పును ఊడదీసి, తీగల చివరి సాకెట్‌లో పెట్టి పిలిచింది.

నక్కో.

మళ్ళీ పిలిచింది. నక్కో. చిప్పు కాళ్ళు గీకి పెట్టింది. నక్కో.

"సచ్చినోన్ని ఎంతసేపు పిలుస్తవక్కా?" అన్నాడు నగేష్. సందు మొదట్లో బండి గంట వినిపించింది.

సక్కుబాయికి ఒళ్ళు మండింది. మనుషులు అన్నారు సరే, వేలిగోరంత చిప్పు కూడా తనతో నక్కో అంటుందా! కోపంతో దాన్ని సాకెట్‌లోంచి పీకేసింది. ప్రోగ్రాము మాత్రం పిలుస్తూనే ఉంది. తెర మీద హౌ అని పడింది.

ఆమె తెర వంకే చూసింది. "నగేష్, చిప్పు యాడుంది?"

"నీ చేతిలనే ఉంది గదా."

"మరి లోపల్నుంచి హౌ అంటున్నదెవడు?"

"దయ్యమా ఏందక్కా?"

"దయ్యం కాదు, నా తొందర! లేనోడు హౌ అంటుండు, ఉన్నోడు నక్కో అంటుండు. మాట తిరగబడ్డదిరా!"

ఆ పక్క పిన్ను, ప్రింటరు 'నాకు పనుంది' అని చెప్పుకునే పిన్ను. దాని మీదికి వచ్చినదాన్ని మాత్రం పోర్టు తలకిందులు చేసి చదువుతుంది. పాపం, చిప్పు మొదటి నుంచీ ఉన్నాననే అంటోంది. సక్కుబాయి తనను తాను తిట్టుకుని, ప్రోగ్రాములో ఒక్కచోట తిరగేసి, చిప్పును మళ్ళీ పెట్టింది.

హౌ.

అదే రకం మెషిన్ నుంచి పోయినేడు తీసి దాచిన సెట్టింగుల నకలు కంప్యూటర్‌లో ఉంది. దాన్ని చిప్పులోకి ఎక్కించి, చిప్పును బోర్డు మీద అతికించి కరెంటు ఇచ్చింది. ప్యానెల్ మీద నెమళ్ళూ మామిడిపిందెలూ వరసగా వచ్చాయి. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నగేష్ కవర్లు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

భిక్షపతి గడపలో నిలబడి అడిగాడు. "అక్కా, కంప్యూటర్ ఉందన్నరు. ఎత్తమంటవా?"

సక్కుబాయి కడ్డీ కింద పెట్టి, నిదానంగా, తమ్ముడికి కూడా వినపడేలా చెప్పింది.

"నక్కో."

ఆ మాటను ఏ పిన్నుకు తగిలించి చదివినా హౌ అని రాదు.