అద్దాలు దించలేని దారి

నాకంటే ముందు నా భయం పుట్టిందని నా భార్య ఎగతాళి చేసేది. మా పాపకు ఆయాసం మొదలయ్యాక ఆ ఎగతాళి మానేసింది. అప్పటికి తనకూ అదే భయం పట్టుకుంది.

శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన తొలి సంవత్సరాలవి. మామిడిపల్లిలో మా ఇంటి ముందు నుంచి పొద్దస్తమానం టిప్పర్లు తిరిగేవి. కాస్త దుమ్ము తగిలితే చాలు, పాప ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. ఎక్కడ దాచిపెట్టను? కనీసం ఆసుపత్రికి వెళ్లే దారిలోనైనా అద్దాలు ఎక్కించుకుని పోదామంటే, మా పాత అంబాసిడర్‌లో ఏసీ పేరుకే ఉండేది. మీట తిప్పితే చల్లగాలికి బదులు ఇంజన్ వేడి ముఖాన కొట్టేది.

నేను కాటేదాన్‌లో రేకుల పని చేసేవాణ్ని. పెద్ద పెద్ద హాళ్లకు ఏసీ గాలి గొట్టాలు చేసిన చేతులు నావి, ఈ కారు గొట్టాలు ఏపాటివి అనుకున్నాను. ఓ ఆదివారం డ్యాష్‌బోర్డు విప్పాక తెలిసొచ్చింది. గొట్టాలు పట్టుకుంటే చాలు, వేయించిన అప్పడాల్లా విరిగిపోయాయి. హీటరు గాలిని ఆపాల్సిన చిన్న రేకు తలుపు ఊడి పక్కకు పడి ఉంది. లోపల ఎలుక గూడు. దూది, గింజల పొట్టు, నానా చెత్త. ఇన్నాళ్లూ నా బిడ్డ పీల్చింది ఈ గాలినా!

గూడు తీసి, అంతా కడిగి, తలుపుకు కొత్త రేకు కోసి, కొత్త గొట్టాలు తొడిగి క్లిప్పులు బిగించాను. ఫ్యాను వేసి, అగరుబత్తి వెలిగించి, ప్రతి అతుకు దగ్గరా పట్టుకున్నాను. గాలి ఎక్కడ బయటికి పోయినా పొగ పక్కకు వంగుతుంది. ఎక్కడా వంగలేదు. అయినా మనసు కుదరక మళ్లీ మొదటి నుంచి చూశాను.

"ఎన్నిసార్లు పూజ చేస్తవ్ రా దానికి?" అని అమ్మ నవ్వింది.

మర్నాడు పాపను డాక్టరుకు చూపించడానికి నలుగురం బయల్దేరాం. అమ్మ వెనక కూర్చుంది, నా భార్య పాపను ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. అద్దాలు ఎక్కించి ఏసీ వేశాను. గాలి చల్లగా తగిలింది. పాప ఆ గాలికి ముఖం పెట్టి కిలకిలా నవ్వింది. నేను మాత్రం ఒక చెవి ఇంజన్ మీద, ఒక చెవి పాప ఊపిరి మీద వేసి నడుపుతున్నాను. పహాడీ షరీఫ్ దగ్గర పడుతుండగా ఫ్యాను పెంచాను.

ముందు నా గొంతులో గరగర. వెంటనే నా భార్య దగ్గింది, వెనక అమ్మ దగ్గింది. పాప దగ్గడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. ఏసీ గ్యాస్ లీకయిందనుకున్నాను. ఏసీ కట్టేసి అద్దం దించబోతే ఎదురుగా టిప్పర్ల వరుస, రోడ్డంతా దుమ్ము. దించితే అది, దించకపోతే ఇది. ఏం చేయాలో తోచలేదు. కనిపించిన మొదటి సందులోకి కారు తిప్పి, తలుపులన్నీ బార్లా తెరిచాను.

నా భార్య పాపను దింపి, ఇన్‌హేలరు నోట్లో పెట్టి నొక్కింది. "మెల్లగ గుంజు బిడ్డా, మెల్లగ."

పాప పెదవుల రంగు మారుతుందేమోనని వాటినే చూస్తూ నిలబడ్డాను. "గ్యాసే లీకయింది, నేనే సరిగ్గ బిగియ్యలేదు" అని గొణిగాను.

"గ్యాస్ కాదురా" అంది అమ్మ వెనక సీట్లోంచి. "మిరపకాయలు."

"ఏం మిరపకాయలు?"

"ఎలుకలు మల్ల రావద్దని ముందటద్దం కింద గాలి పోయే సందుల ఎండు మిరపకాయలు తుంచి ఏసిన. పురుగు పట్టకుంట బియ్యంల ఏస్తం గద, గట్లనే అనుకున్న. చెప్తే ఒర్లుతవని చెప్పలే."

అరవడానికే నోరు తెరిచాను. నా కోపం అలాంటిది. కానీ అమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుపుకు దగ్గు తోడై ఆమెకు ఊపిరి అందడం లేదు.

పాప ఛాతీలో కూత మెల్లమెల్లగా తగ్గింది. ఒకసారి నిండుగా ఊపిరి పీల్చుకుని, తల్లి చేతిలోంచి ఇన్‌హేలరు లాక్కుని, వెనక తలుపు దగ్గరికి నడిచింది.

"నాయనమ్మా, నీకు గూడ నా లెక్కనే అయితుందా? ఇగో, ఇది పెట్టుకో. భయపడకు, జరసేపట్ల తగ్గుతది."

అమ్మ కొంగు తీసి నోరు తెరిచింది.