ఆయన గోడకు మా తలుపు

క్షమించడం పెద్ద గుణమని మా అమ్మ అంటుంది. ఆ గుణం నాకు రాలేదు. నాన్న పోలిక అంటారు, కావచ్చు. బరంపురంలో రైలుకట్ట వెనకున్న మా బస్తీలో ఎవరిని అడిగినా చెబుతారు, నా నోట్లో పడ్డవాడు బాగుపడడని. మంచిదాన్ని అనిపించుకోవాలని ఇది రాయడం లేదు. ఒక పెద్దమనిషి మాకు చేసింది, తర్వాత ఆయనకు నేను చేసింది, రెండూ ఉన్నదున్నట్టు చెబుతాను.

మా బస్తీలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. చలి తగ్గగానే కొన్ని కుటుంబాలు హుమ్మలో ఉప్పు మడుల పనికి వెళ్లి, వానలకు ముందు తిరిగొస్తాయి. వెళ్లేటప్పుడు మేం తాళం వెయ్యం. తలుపునే ఊడదీసి పక్కింట్లో నిలబెట్టి, గుమ్మానికి ముళ్లకంప కట్టి పోతాం. మట్టిగోడల ఇంట్లో దొంగ ఎత్తుకుపోవడానికి పనికొచ్చేది తలుపొక్కటే. అది పోతే మళ్లీ చేయించుకోవడం మా వల్ల కాదు. పక్కింటివాళ్ల చేతికి తలుపు అప్పగిస్తే ఇల్లు అప్పగించినట్టే లెక్క. నాకు తెలిసి ఎవరి తలుపూ అంతవరకు తప్పిపోలేదు.

మా నాన్నది రామయ్యపట్నం. సముద్రంలో వేట మానుకుని బరంపురం స్టేషన్లో మూటలు మోయడానికి వచ్చినప్పుడు, తన పాత పడవను విప్పి ఆ చెక్కలతోనే ఇంటికి తలుపు చేశాడు. కొబ్బరితాడుతో కుట్టిన పడవ కాబట్టి చెక్కల అంచుల వెంట కుట్టు రంధ్రాలు వరసగా ఉండేవి. పొద్దున పూట వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది. నాన్న పోయాక అమ్మ ఆ తలుపుకు పండగ పండగకూ పసుపు రాసేది.

మా పక్కిల్లు బస్తీ సంఘం అధ్యక్షుడిది. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, నేను మావయ్యా అనేదాన్ని. ఏటా మా తలుపు ఆయనింట్లోనే ఉండేది.

ఆ ఏడు బస్తీలవాళ్లకు హక్కు పత్రాలు ఇస్తారన్న కబురు వచ్చింది. ఎవరు కాపురమున్న స్థలం వాళ్లదేనని సర్కారు రాసిచ్చే కాగితం. అమ్మ ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. "రేపెవుడో వొచ్చి లెగిపొమ్మంటే సూపించడానికి ఒక ముక్కైనా ఉండాల గదే" అనేది. కొలతలవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. అందుకని, పనులకు వెళ్లినవాళ్లందరికీ ఫోన్ చేసి పిలిపించే బాధ్యత సంఘానిదని అందరం కూర్చుని తీర్మానం చేసుకున్నాం. దాన్ని పైకి చదివింది ఆయనే.

కొలతలవాళ్లు వచ్చిన రోజు మేం హుమ్మలో ఉప్పు ఈడుస్తున్నాం. దూరంగా వేరే మడుల్లో ఉన్న మిగతా అందరికీ ఆయన ఫోన్ చేశాడు. మాకు చేయలేదు. పైన డ్రోన్ ఎగిరిందట, కింద మునిసిపాలిటీ అమ్మాయి టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నంబరు వేసిందట. తలుపు లేని మా గుమ్మం ముందు ఆగి ఇదెవరిదని ఒడియాలో అడిగితే, అది నా కొట్టమే, మేకల్ని కట్టుకుంటాను అన్నాడట మా మావయ్య. ముళ్లకంప చూసి ఆ అమ్మాయి నమ్మింది. ఆమెను ఏమనను? మా అలవాటు ఆమెకేం తెలుసు? తెలిసినవాళ్లు పదిమంది చుట్టూ నిలబడి ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. రేషను కార్డుకైనా, ఆస్పత్రి చీటీకైనా ఆయన మాటే కావాలి మరి. కంచే చేను మేస్తుంటే గట్టు మీద నిలబడి చూశారు.

మేం తిరిగొచ్చేసరికి మా ఇల్లు ఆయనింట్లో కలిసిపోయింది. మధ్యగోడ కొట్టేసి, మా గుమ్మాన్ని ఇటుకలతో మూసేసి, వీధి వైపు కొత్త గుమ్మం పెట్టాడు. దానికి బిగించింది మా తలుపే. రంధ్రాల్లో లప్పం కూరి నీలం రంగు కొట్టాడు.

"ఇదేటన్నయ్యా?" అంది అమ్మ, నెత్తి మీద మూట దించకుండానే.

"మీరు సమయానికి రారనుకున్నానమ్మా. జాగా పరాయోల్లకి ఎల్లిపోకుండా నా పేర రాయించినాను. మనోల్లకే గదా ఉండిపోనాది" అన్నాడాయన. గొంతులో కాస్తయినా తడబాటు లేదు.

ఆ వానాకాలమంతా మేం మహిళా సంఘం గది వసారాలో ఉన్నాం. జల్లు కొడితే అమ్మ గోడకు అతుక్కుని కూర్చునేది. అలా కూర్చున్న అమ్మని చూసిన ప్రతిసారీ ఆయన ఇల్లు కూలాలని కోరుకున్నాను. మనసులో కాదు, పైకే, ఆయనకు వినపడేలా.

హక్కు పత్రాల జాబితా ఖాయం చేసేముందు సభ పెట్టి చదవాలి, అభ్యంతరాలు వినాలి. అదే నాకున్న ఒకే దారి. సభకు ముందు హుమ్మ పనికి వెళ్లే ప్రతి ఇంటికీ వెళ్లాను. ఏడవలేదు, బతిమాలలేదు. "మా తలుపు మింగినోడు రేపు మీ తలుపు ఒగ్గేస్తాడేటి?" అని మాత్రం అడిగి వచ్చేశాను.

సభ రోజు ఆయన జాబితా చదవగానే లేచి, సభకు వచ్చిన మునిసిపాలిటీ అమ్మాయిని చేయిపట్టి ఆ తలుపు దగ్గరకు తీసుకెళ్లాను. బస్తీ అంతా వెనకే వచ్చింది. మేకు తీసుకుని రంగు గీకి లప్పం పెరికాను. ఒకటి, రెండు, మూడు, వరసగా రంధ్రాలు బయటపడ్డాయి.

"కొనుక్కున్నాను" అన్నాడు ఆయన.

"ఎవుల కాడ కొన్నావు మావయ్యా? మా నాన్న బూడిదైపోయి ఎన్నాల్లయింది?"

అప్పుడు ఎదురింటి ముసలామె, "అది ఆల్ల పడవ తలుపే. ఆ ఇల్లు ఆల్లదే" అంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక హుమ్మ వాళ్లందరూ. మా ఇల్లు అమ్మ పేరు మీదికి వచ్చింది. మధ్యగోడ ఆయన చేతే కట్టించి, మా గుమ్మం తెరిపించి మా తలుపు మళ్లీ బిగించుకున్నాం. ఆయన పదవి ఊడింది, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి మర్యాదగా ఉండేది. నేను ఆగలేదు.

నీళ్ల పైపు, కాలువ వేయాలంటే సందులు వెడల్పు చేయాలి. ఎవరు ఎంత జరగాలో సంఘమే తేల్చాలి. అటువాళ్లు సగం, ఇటువాళ్లు సగం వదులుకోవడం మా పద్ధతి, బస్తీ అంతా అలాగే జరిగింది. ఆయన ఇంటి అవతలి పక్క సందు దగ్గరికి వచ్చేసరికి సున్నం డబ్బా నా చేతిలో ఉంది. గీత మొత్తం ఆయన వైపే గీశాను. ఆయన కోడలి వంటగది గీతకు ఇవతల, సందులో పడింది. సంఘం వాళ్లు చూశారు, ఈసారీ ఎవరూ నోరు విప్పలేదు.

"అందరికీ సగం సగం గదమ్మా" అన్నాడు ఆయన.

"మాకు నువ్వు సగమైనా ఒగ్గినావా మావయ్యా?"

మొదటి గునపం నేనే వేశాను. గోడ పడుతుంటే నా కడుపు నిండింది. ఆ కోడలు పిల్ల చెదిరిన గిన్నెలు ఏరుకుంటూ ఒకసారి తలెత్తి నన్ను చూసింది. చూడనీ అనుకున్నాను.

కాగితం వచ్చిన రోజు అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టించుకుని చూసింది. పాలిథిన్ సంచీలో చుట్టి పెట్టెలో దాచింది. మర్నాడు పొద్దున్నే ఆయన కోడలు గ్యాసు స్టవ్వు చంకలో పెట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"రా అమ్మా, ఆ మూల పెట్టుకో. సిలిండరు మీ ఆయన తెస్తాడు గదా" అంది అమ్మ లోపల్నుంచి.

"ఎవుల్నడిగి రమ్మన్నావు?" అన్నాను.

"ఎవుల్నడగాలే? కాగితం ఎవుల పేర ఉంది?"

నేను గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నువ్వే గదా దెబ్బలాడి రాయించినావు. నా ఇంట్లో ఎవులొండుకోవాలో నేను సెప్తాను. అడ్డు లెగు."

సర్కారు ముద్రతో, బస్తీ అంతా సాక్షిగా, ఆ హక్కు అమ్మకు తెచ్చిపెట్టింది నేనే. గుమ్మంలోంచి పక్కకు జరిగాను. ఆ పిల్ల నా మొహం చూడకుండా స్టవ్వు పట్టుకుని లోపలికి వెళ్లింది.